మా రోజుల్లో పుల్లే విరిగేది

ఈ కాలం పిల్లల దగ్గర ఏ వస్తువు విరిగినా ఒకటే వైద్యం: ఇంకా గట్టిది తెచ్చి బిగించెయ్యడం. ప్లాస్టిక్ కాలు విరిగిందా, ఇనుపది పెట్టు. ఇనుపది వంగిందా, ఇంకా లావుది పెట్టు. అదీ కాకపోతే పారేసి కొత్తది ఆర్డరు పెట్టు. అసలు ఎందుకు విరిగింది, అన్నింట్లోకీ అదే ముందు ఎందుకు విరిగింది అని అడిగేవాడు మా ఊరు వత్రాప్‌లో భూతద్దం పెట్టి వెతికినా దొరకడు.

మా మనవడి దగ్గర ఒక హెలికాప్టర్ ఉంది. అరచేతికంటే కాస్త పెద్దది. పోయిన ఏడు ఆడిపూరం తేరు ఉత్సవానికి శ్రీవిల్లిపుత్తూరు వెళ్లినప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన విల్లిపుత్తూరు అదే. తరాలుగా అరవదేశంలో ఉంటున్న మాలాంటి తెలుగు ఇళ్లవాళ్లకు ఆ మాట చెప్పుకోవడం ఒక గొప్ప. ఇప్పుడా తేరు వీధుల్లో రిమోట్ హెలికాప్టర్లు అమ్ముతున్నారు. రాయలవారు చూసుంటే ఇంకో ఆశ్వాసం పెంచేవారేమో.

ఇంటికి వచ్చిన సాయంత్రమే దాని కాలు విరిగింది. ఆ తర్వాత తోక. ఆ తర్వాత రెక్కలు బిగించే తలలో ఏదో. వాడు నా దగ్గరికొచ్చి, "తాతా, దీనికి ఫుల్లుగా మెటల్ పార్టులు ఉన్నాయట, తెప్పిద్దాం" అన్నాడు. ఆ వాక్యంలో తాతను, తెప్పించడాన్ని అయినా తెలుగులో ఉంచినందుకు సంతోషించాను. తక్కినదానికి సంతోషించలేదు.

మా రోజుల్లో మాకూ బళ్లుండేవి. ఎండాకాలం ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలు రెండు తీసుకుని, మధ్యన ఒక పుల్ల ఇరుసుగా గుచ్చి, పంగలకర్రతో ఆ ఇరుసును తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. గోతిలో పడితే విరిగేది ఇరుసుపుల్లే. కంచెలోంచి ఇంకోటి విరిచి గుచ్చుకుంటే బండి మళ్లీ నడిచేది. మాలో ఒక మేధావి, పుల్ల మాటిమాటికీ విరుగుతోందని గొడుగు కమ్మీ తెచ్చి గుచ్చాడు. కమ్మీ విరగలేదు. కాయకున్న చిల్లు మాత్రం పెద్దదై, చక్రం అటూ ఇటూ ఊగి ఊగి నిలువునా చీలింది. పుల్ల ఎక్కడైనా దొరుకుతుంది. కాయ కావాలంటే తాటిచెట్టు ఎక్కేవాడు రావాలి, వాడికి ఆ రోజు బుద్ధి పుట్టాలి. బండిలో ఏది విరగాలో ఆ లెక్కే చెప్పేది.

పెద్దయ్యాక కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లులో ఫిట్టరుగా చేరాను. అదే లెక్క అక్కడ ఇనుములో కనిపించింది. కొన్ని యంత్రాల్లో గేరుకూ షాఫ్టుకూ మధ్య, కావాలనే మెత్తని లోహంతో చిన్న పిన్ను పెడతారు. షియర్ పిన్ అంటారు. దూది చుట్టుకుని యంత్రం బిగుసుకుపోతే ఆ పిన్ను తెగుతుంది, గేరు బతుకుతుంది. పిన్ను ఖరీదు ఒక టీ. గేరు ఖరీదు మా నెల జీతం కంటే ఎక్కువ. కొత్తగా చేరిన కుర్రాళ్లు "ఊరికే తెగుతోంది" అని ఆ చోట స్టీలు మేకు కోసి కొట్టేవాళ్లు. ఆ పూటకు బాగానే నడిచేది. రాత్రి షిఫ్టులో గేరు పళ్లు రాలేవి. అప్పుడు మా మేస్త్రీ పెట్టే కేకల ముందు మిల్లు సైరను చాలేది కాదు.

అందుకే హెలికాప్టర్ నా ముందు పెట్టి "గట్టిగా చెయ్యి తాతా" అంటే, ముందు ఏది విరగకూడదో చెప్పమంటాను. మోటార్లు, సర్క్యూట్ బోర్డు, నిలువు షాఫ్టు, పెద్ద పళ్లచక్రం, ఈ నాలుగూ విరగకూడదు. అవి ఇంట్లో చేసుకునేవి కావు. కాళ్లు, తోక, రెక్కలు, పైతొడుగు విరగొచ్చు. ఎగిరే వస్తువు పడక తప్పదు, పడితే ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి. అన్నిటినీ లోహంతో బిగిస్తే దెబ్బ మాయమైపోదు, తిన్నగా షాఫ్టు దగ్గరకి పోతుంది. మా వీధి చివర ఇంటి అబ్బాయి ఆన్‌లైన్‌లో అల్యూమినియం తలకాయ తెప్పించి బిగించాడు. తళతళలాడుతోంది. గోడకు తగిలిన మొదటిసారే షాఫ్టు వంగింది. ఇప్పుడు వాడి హెలికాప్టర్ షోకేసులో ఉంది, అక్కడ మాత్రం చాలా దృఢంగా ఉంది.

కాళ్ల సంగతి చూడండి. సన్నటి ప్లాస్టిక్ కాళ్లు, ఒంపు దగ్గర పుటుక్కుమంటాయి. పిల్లలు చేసేది ఫెవిక్విక్ చుక్క వేసి వేళ్లతో పట్టుకోవడం. ఒకసారి దిగేసరికి మళ్లీ ఊడుతుంది, వేలి తోలు మాత్రం ఊడదు. ఆ కాళ్లు తరచుగా నైలానుతో చేస్తారు. కొన్ని చోట్ల పాలీప్రొపిలీన్. నైలానును ముందు సబ్బుతో కడిగి, గరుకు కాగితంతో గీరితే తప్ప జిగురు పట్టదు. పాలీప్రొపిలీనుకు ఎంత గీరినా సరిగ్గా పట్టదు. కాబట్టి జిగురును నమ్ముకోకూడదు, కట్టును నమ్ముకోవాలి. ఊదుబత్తి వెలిగించి అయిపోయాక మిగిలే పుల్ల ఉంటుందే, అది వెదురు. పొడుగునా దాని నార చాలా గట్టిది, బరువేమో లేనట్టే. దాన్ని చీల్చి, విరిగినచోటికి అటూ ఇటూ వచ్చేలా ఆనించి, సన్నదారం దగ్గర దగ్గరగా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా బిగువుగా చుట్టాలి. ఆ తర్వాత జిగురు ఒక్క చుక్క. అది దారంలోకి ఇంకితే చాలు, బొబ్బలా పైకి తేలకూడదు. పట్టు దారానిది. దారం జారకుండా చూడ్డమే జిగురు పని. మా వత్రాప్‌లో కొబ్బరితోటలకు కొదవలేదు కాబట్టి ఈనె ఎందుకు వాడకూడదని మా ఆవిడ అడిగింది. పచ్చిగా ఉన్నప్పుడు ఈనె బాగా వంగుతుంది. ఆరితే పెళుసు. చీపురుకే దాన్ని ఉంచుకోమన్నాను, ఆ జవాబు ఆమెకు నచ్చలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. దారం నూలుది కాకూడదు, పాలిస్టరుది కావాలి. ఫెవిక్విక్ రకం జిగురు నూలుకు తగిలితే వేడెక్కుతుంది; ఎక్కువ పోస్తే పొగ కూడా లేస్తుంది, వేళ్లు కాలతాయి. జీవితమంతా నూలు వడికే మిల్లులో గడిపినవాణ్ని, నూలు వద్దని నా నోటితో చెప్పాల్సి రావడం నా ఖర్మ.

కాలు కట్టాక దాన్ని బాడీ చిల్లులో గుచ్చేటప్పుడు మాత్రం అక్కడ జిగురు వెయ్యొద్దు. వదులుగా గుచ్చి ఉంటే, గట్టిగా దిగినప్పుడు కాలు ఊడి పక్కన పడుతుంది. ఏరుకుని గుచ్చుకుంటే సరి. అతికిస్తే బాడీ చీలుతుంది. మనవడికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. ఊడిపోతే చెడిపోయిందని, బిగుసుకుంటే బాగుందని వాడి నమ్మకం.

రెక్కల దగ్గరైతే ఆ నమ్మకంతోనే ప్రమాదం. రెక్క మొదట్లో ఒక స్క్రూ ఉంటుంది. పిల్లలందరూ దాన్ని ఆఖరి చుట్టుదాకా బిగిస్తారు. అది తప్పు. హెలికాప్టర్‌ను పక్కకు వంచి పట్టుకుంటే రెక్క తన బరువుకు తానే మెల్లగా వాలాలి. అంత వదులు ఉంటేనే, తిరుగుతున్న రెక్క కుర్చీ కోడుకో కిటికీకో తగిలినప్పుడు వెనక్కి మడుచుకుని తప్పుకుంటుంది. బిగిస్తే తప్పుకోలేదు, రెక్క చీలుతుంది, లేదా స్క్రూ పట్టుకున్న చెవి తెగుతుంది. తలలో చిన్న గోళీల మీద తొడిగిన లింకులు కూడా అంతే. దెబ్బకు టక్కున ఊడేలా చేసిపెట్టారు. ఊడితే వేలితో నొక్కితే మళ్లీ కూర్చుంటాయి. వాటికి జిగురు పెట్టినవాడు నా కంటపడకుండా ఉంటే మంచిది.

రెక్క అంచు లొట్టపడితే సన్నని సెల్లో టేపు ముక్క ముందంచు మీదుగా మడిచి అంటించవచ్చు. కానీ ఒక రెక్కకు అంటించిందే, అంతే కొలతలో, అదే చోట ఎదుటి రెక్కకూ అంటించాలి. లేకపోతే బరువు తేడా వచ్చి బండి మొత్తం వణుకుతుంది. ఈ వణుకే అసలు శత్రువు. తోక మోటారు తీగ తెగిందని వాడు ఏడ్చుకుంటూ వచ్చినప్పుడు నేను తోక వైపు చూడలేదు, రెక్కల వైపు చూశాను. ఒక రెక్క కొన చిట్లి ఉంది. ఆ వణుకుకు తోకలో సన్నతీగ, టంకం పెట్టిన చోట, అటూ ఇటూ ఊగి ఊగి తెగింది. మిల్లులోనూ ఇంతే. ఎక్కడో బేరింగు అరిగితే, ఇంకెక్కడో బోల్టు ఊడేది. బోల్టు బిగించి పోయేవాడు హెల్పరు, బేరింగు వెతికేవాడు ఫిట్టరు.

తీగ మళ్లీ టంకం పెట్టేటప్పుడు లాగి బిగువుగా పెట్టకూడదు. చిన్న మెలిక వదలాలి. టంకానికి కాస్త ఇవతల ఒక బొట్టు మెత్తటి జిగురు వేసి తీగను గొట్టానికి అంటిస్తే, ఊగుడు అక్కడే ఆగిపోతుంది, టంకందాకా పోదు. తోక గొట్టం మడత పడితే అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ లోపలికి దూర్చి చూడండి, చాలావాటికి సరిపోతుంది. అంతకు మించి అక్కడ ఏమీ పెట్టొద్దు. తోక మధ్య నుంచి దూరం కాబట్టి అక్కడ ఒక గ్రాము పెడితే ముక్కు పైకి లేస్తుంది. ముక్కు దించడానికి ముందువైపు ఇంకో రెండు గ్రాములు పెట్టాలి. అప్పుడు మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ ముందే అయిపోతుంది. ఎంసీల్ ముద్ద తోకకు మెత్తి, లేవట్లేదని రిమోటును తిట్టిన వీరులు నాకు తెలుసు.

పైతొడుగుకు మాత్రం నా దగ్గర సొంత వైద్యం ఉంది. రాజపాళయం పక్కన సత్రపట్టిలో మరమగ్గాల మీద ఆస్పత్రి గాజ్ గుడ్డ నేస్తారు. ఎక్కడెక్కడి గాయాలకో ఇక్కడి గుడ్డే కట్టు. ఆ గుడ్డ ఒక్క పొర, చీలిక కంటే కాస్త పెద్దగా కత్తిరించి, తొడుగు లోపలివైపు అరాల్డైట్ పలచగా రాసి పరిచి, ఒక రాత్రి వదిలెయ్యాలి. పైకి కనబడదు, మళ్లీ అక్కడ చీలదు. ఇక్కడ ఫెవిక్విక్ పనికిరాదు. గుడ్డ నూలుది, నూలు సంగతి ముందే చెప్పాను కదా; పైగా దాని ఆవిరికి తొడుగంతా తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. "రాత్రంతానా?" అని మనవడి మొహం మాడింది. మా రోజుల్లో వడ్రంగి వజ్జరం బంకను చిన్నమంట మీద కాచి, రాసి, బిగించి, రెండోరోజు దాకా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే మొట్టికాయ. ఇప్పటి పిల్లలకు సెకన్లలో అతుక్కోవాలి. సెకన్లలో అతికింది వణుకు తగిలితే గాజులా పగులుతుంది, ఆ సంగతి ట్యూబు మీద రాయరు.

స్క్రూ తిరిగిపోయిన రంధ్రానికి కోవిల్‌పట్టి అగ్గిపుల్ల ఉంది. పుల్ల నుంచి ఒక పేడు చీల్చి, రంధ్రంలో పెట్టి స్క్రూ తిప్పితే మళ్లీ పట్టుకుంటుంది. పద్నాలుగేళ్లు రూపాయికే దొరికిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలైంది. అప్పుడు మా వీధిలో అందరూ గొణిగారు. ఆ గొణిగినవాళ్లే పిల్లలకు వెయ్యి రూపాయల బొమ్మ కొని, కాలు విరిగిందని చెత్తబుట్టలో వేస్తారు.

బొమ్మలతో తంటాలు పడటం చిన్నపిల్లల పని అనుకునేవాళ్ల కోసం ఒక అమెరికా ఆయన సంగతి చెబుతాను. ఆర్థర్ యంగ్. 1928 నుంచి పన్నెండేళ్లకు పైగా ఆయన చేసిన పని బొమ్మ హెలికాప్టర్లు కట్టడం, పడగొట్టుకోవడం, మళ్లీ కట్టడం. పెన్సిల్వేనియాలో పావొలీ అనే ఊళ్లో ఒక పాత కొట్టం ఆయన వర్క్‌షాపు. మనిషి ఎక్కేంత పెద్దది కట్టి విరగ్గొట్టుకుంటే అప్పులపాలవుతాం, చిన్నదైతే సాయంత్రానికి మళ్లీ సిద్ధం. ఆ తెలివే ఆయన్ని నిలబెట్టింది. రెక్కలకు అడ్డంగా, రెండు కొనల్లో బరువులున్న ఒక కడ్డీని తల మీద పెడితే హెలికాప్టర్ నిలకడగా నిలుస్తుందని ఆ బొమ్మల మీదే తేల్చుకున్నాడు. 1941లో కరెంటు మోటారు బొమ్మను విమానాలు చేసే బెల్ కంపెనీవాళ్లకు ఎగరేసి చూపించి, అక్కడే చేరాడు. 1946 మార్చి 8న అమెరికాలో మామూలు ప్రజల వాడకానికి అనుమతి పొందిన మొట్టమొదటి హెలికాప్టర్ బెల్ 47. దాని తల మీద ఉన్నది ఆయన కడ్డీయే. మా మనవడి బొమ్మ నెత్తిన గిర్రున తిరిగే ఆ చిన్న కడ్డీ కూడా దాని మునిమనవడే. దాని కొన బరువు ఒకటి ఊడిపోతే వాడు "డిజైన్ కోసం పెట్టుంటారు తాతా" అని అది లేకుండానే ఎగరేశాడు. అది నేరుగా మా పొరుగింటి సాంబారు గిన్నెలోకి పోయింది.

ఇంకో సంగతి. వీటిలో చాలావాటి రిమోటు టీవీ రిమోటు రకంది, కంటికి కనబడని ఎర్రవెలుగుతో పనిచేస్తుంది. ఎండలోనూ ఆ వెలుగు బోలెడు ఉంటుంది కాబట్టి బయటికి తీసుకెళ్తే హెలికాప్టర్‌కు రిమోటు మాట వినబడదు. విరుదునగర్ జిల్లా ఎండ సంగతి చెప్పాలా! మధ్యాహ్నం కళ్లంలో ఎగరేసి, ఊపిరి పోయినట్టు దబ్బున పడ్డాక, పార్టులు నాసిరకం అంటారు. పార్టులు కాదు, వేళ నాసిరకం. సందె వేళ ఎగరెయ్యండి, లేదా ఇంట్లో, కింద చాప పరిచి. అన్నిటికంటే గట్టి బలం మరొకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. దేనికైనా తగలబోతోందని తెలిసిన క్షణాన థ్రాటిల్ పూర్తిగా దించెయ్యాలి. తిరగని రెక్క విరగదు. కానీ పడబోతుంటే పిల్లలందరూ పైకే తోస్తారు, కాపాడదామని. ఎంత జోరుగా తిరుగుతుంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఇది లెక్కల మాస్టారు చెప్పాల్సిన మాట, నేను చెబుతున్నాను.

ఇప్పటి సరుకంతా చెత్త అని నేననను. ఒక గోరంత చిప్పు తోకను తిన్నగా పట్టి ఉంచుతుంది. నా కాలంలో దాని కోసం ఒక ఇంజినీరు జీవితం చాలేది కాదు. ఎగరడంలో ఇవి మా ఊహకు అందనివి. నా గొడవంతా విప్పడం గురించే. పాత రేడియో వెనక అట్ట తీస్తే ఏ తీగ ఎక్కడికి పోతోందో కళ్లకు కనబడేది, రిపేరువాడికి ఆ పటం అట్ట లోపలే అంటించి ఉండేది. ఇప్పుడు చాలా బొమ్మల్ని స్క్రూతో కాకుండా జిగురుతో మూస్తున్నారు. విప్పడం అంటే పగలగొట్టడమే. 2020 బడ్జెట్‌లో బయటిదేశాల బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. మంచిదే, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు. అయితే ఇక్కడే తయారుచేస్తున్నప్పుడు, దాంతో పాటు రెండు కాళ్లు, ఒక జత రెక్కలు, నాలుగు స్క్రూలు పొట్లం కట్టి ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది? కొట్టులో విడిపార్టు అడిగితే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూస్తాడు, "కొత్తదే తీసుకోండయ్యా" అంటాడు. శివకాశిలో క్యాలెండర్ కూడా తగిలించుకోవడానికి దారంతో వస్తుందయ్యా అన్నాను. అతనికి అర్థం కాలేదు.

మా వాడికి ఇప్పుడు కొత్త పిచ్చి పట్టింది. ఏడెనిమిది నిమిషాలే ఎగురుతోందని పెద్ద బ్యాటరీ కావాలట. పెద్ద బ్యాటరీ అంటే పెద్ద బరువు, పెద్ద బరువంటే మోటారు మీద మోత, ఆ మోతకు బ్రష్షులు కాలిపోవడం. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. అన్నీ విని, "సరే తాతా, బ్యాటరీ వద్దు. ఇప్పుడు మేడ మీద ఎగరేద్దాం రా" అన్నాడు. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని మా వైపు సామెత. పిలవక్కల్ వైపు కొండల మీంచి ఆ గాలి హోరుమని దిగుతోంది. కాస్త గాలి తగ్గనీరా, అప్పుడు చూద్దాం అన్నాను. తర్వాతి నెల ఆవణి వచ్చేదాకా అది తగ్గదని వాడికింకా తెలీదు.